జెండా కట్టేది ఒకరు, ఎగరేసేది ఒకరు

అమెరికాలో జెండా లేని చోటు ఉండదు. కార్ల షోరూమ్ మీద, ఇళ్ల ముందు, చివరికి పేపర్ ప్లేట్ల మీద కూడా. అట్లాంటాలో ఉద్యోగంలో చేరిన కొత్తలో మావాళ్లు చెప్పిన జాగ్రత్తల్లో ఇదొకటి: "ఇంటి ముందు మరీ పెద్ద జెండా ఉందంటే మనమంటే పడదని లెక్క." 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఒలేతేలో "మా దేశంలోంచి పొండి" అంటూ ఒకడు మన హైదరాబాద్ ఇంజనీరును కాల్చి చంపాక ఆ భయం ఇంకా ముదిరింది. వాణ్ని ఆపబోయి తూటా తిన్నవాడూ అమెరికనే. ఆ సంగతి మన కబుర్లలోకి పెద్దగా రాదు.

మా టీమ్‌లో ఒక నల్లజాతి సీనియర్ ఉన్నాడు. సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. ఆయన డెస్క్ మీద చిన్న జెండా, పక్కనే మార్టిన్ లూథర్ కింగ్ ఫోటో. జనవరిలో కింగ్ పేరిట సెలవొస్తే మేం ఇండియన్ స్టోర్‌కి పోతాం, ఆయన పిల్లల్ని తీసుకుని ఊరేగింపుకు పోతాడు. 2016లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు కాలిన్ కేపర్నిక్ జాతీయగీతం వస్తుంటే మోకాలి మీద కూర్చున్నాడని మన వాట్సాప్ గ్రూపుల్లోనూ ఒకటే తిట్లు. లంచ్ దగ్గర కదిపితే ఆయన నవ్వాడు. కేపర్నిక్ మొదట బెంచీ మీదే కూర్చుండిపోయేవాడు. అంతకంటే మోకాలు వంచడం గౌరవంగా ఉంటుందని సలహా ఇచ్చింది నేట్ బోయర్ అనే మాజీ సైనికుడు. "పోలీసుల చేతుల్లో మావాళ్లు చనిపోతుంటే ఎందుకని అడగాలి కదా. నేను యూనిఫామ్ వేసుకున్నది అలా అడగగలిగే దేశం కోసమే" అన్నాడు మా సీనియర్.

వీసా మీద ఉన్నవాడికి ఊరేగింపులెందుకు అంటారు మనవాళ్లు. గ్రీన్ కార్డ్ క్యూలో నిలబడ్డవాడి టెన్షన్ నాకూ తెలుసు, కాదనను. కానీ 1923లో భగత్ సింగ్ థింద్ అనే మనవాడి కేసులో అక్కడి సుప్రీంకోర్టు, భారతీయులు తెల్లవాళ్లు కారు కాబట్టి పౌరసత్వం కుదరదంది. 1946లో తలుపు కాస్త తీసినా ఏడాదికి 100 మందికే చోటు. ఆ కోటాల పద్ధతిని 1965 వలస చట్టం తీసేసింది. నల్లజాతివాళ్ల పౌరహక్కుల ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులవి, ఆ వేడి లేకుండా ఆ చట్టం వచ్చేది కాదు. వాళ్లు నడిచిన దారిలోనే మన సూట్‌కేసులు దిగాయి.

ఈ ఆగస్టులో వీసా స్టాంపింగ్‌కు వచ్చి మియాపూర్‌లో అమ్మానాన్నల దగ్గర ఉన్నాను. 14 సాయంత్రం అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వాచ్‌మన్ బల్ల మీద జెండా పరిచి మడతలు పెడుతున్నాడు. పాలమూరు మనిషి. మడతల మధ్య బంతి రేకులు పోసి, తాడు చుట్టి, చివర జారుముడి వేశాడు. "గట్టిగ కడితే రేపు ప్రెసిడెంట్ సారు గుంజినప్పుడు ఊడదు సార్. వదులుగ కడితే రాత్రి గాలికే ఊడుతది" అన్నాడు.

ఆ ముడి తెలిసినవాడే ఎగరేస్తే బాగుంటుంది కదా అంకుల్ అని అపార్ట్‌మెంట్ సంఘం సెక్రటరీని అడిగాను. "ప్రోటోకాల్ అంటూ ఒకటి ఉంటుంది బాబూ" అన్నారు. ఫ్లాగ్ కోడ్‌లో పూలరేకులు పెట్టుకోవచ్చని ఉంది గానీ అపార్ట్‌మెంట్‌లో ఫలానావాళ్లే ఎగరేయాలని లేదు. పక్కనున్న పెద్దాయన, "దేశభక్తిలోకి కులాలు తేకయ్యా, అమెరికా బుద్ధులు" అన్నారు. కులం మాట నేనసలు ఎత్తనే లేదు. అయినా ఎత్తారు కాబట్టి చెప్పాను: 1947లో ఈ జెండా తేల్చిన కమిటీలో మన సరోజినీ నాయుడుతో పాటు అంబేడ్కర్ కూడా ఉన్నారు. హుస్సేన్ సాగర్ ఒడ్డున 2016లో ఎగరేసిన 291 అడుగుల జెండా, దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి సంజీవయ్య పేరున్న పార్కులోనే నిలబడింది. అణగారినవాళ్ల పక్షాన మాట్లాడేవాళ్లు జెండాకు దూరం జరిగితే, అది అరిచేవాళ్ల సొత్తయిపోతుంది. అక్కడైనా ఇక్కడైనా నాకు కోపం తెప్పించేది అదే.

చాలాసేపు నడిచాక రాజీ కుదిరింది. ఈసారికి ప్రెసిడెంట్ గారు, జనవరి 26న వాచ్‌మన్. మినిట్స్‌లో రాయించాను. అదే ఊపులో, పనివాళ్లు సర్వీస్ లిఫ్టే వాడాలన్న బోర్డు సంగతి కూడా ఎత్తాను. అది వేరే విషయం, జనరల్ బాడీలో చూద్దామన్నారు. అప్పటికి నేను అట్లాంటాలో ఉంటాను, జూమ్ లింక్ పంపమని చెప్పాను.