మధ్యాహ్నానికల్లా గదికి

ఈ రోజు డిస్నీ పార్కులో మేం ఉన్నది నాలుగు గంటలు కూడా కాదు. మిగతా రోజంతా హోటల్ ఆవరణలోనే గడిచిపోయింది. మావారికి ఇది ఇంకా మింగుడుపడటం లేదు, ఇందాక పళ్ళు తోముకుంటూ కూడా టికెట్ ధరని గంటలతో భాగించి నాకు చెప్పారు. నాకేమో ఈ ప్రయాణంలో ఇదే అన్నిటికన్నా బాగున్న రోజు అనిపిస్తోంది, అందుకే మర్చిపోకముందే రాసి పెట్టుకుంటున్నా.

ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్‌కి (డిస్నీ వాళ్ళ పార్కులూ హోటళ్ళూ ఒకే ఆవరణలో ఉన్న చోటు) వెళ్తే లోపలి హోటల్లోనే, అంటే డిస్నీ వాళ్ళ సొంత హోటల్లోనే దిగుదామని పట్టుబట్టింది నేనే. ఓర్లాండోలో బయట హోటళ్ళకి కొదవేం లేదు, 192 హైవే పొడుగునా అవే, ఇంటర్నేషనల్ డ్రైవ్ మీదా అవే, మేం ఇక్కడ కడుతున్న డబ్బుకి అక్కడ వంటగదితో సహా పెద్ద సూటే దొరుకుతుంది. మేం తీసుకున్నది పాప్ సెంచురీ. డిస్నీ వాళ్ళు దీన్ని 'వేల్యూ' రకం అంటారు, అంటే వాళ్ళ హోటళ్ళలో చవక తరగతి అన్నమాట (చవక అన్నది వాళ్ళ హోటళ్ళతో పోల్చుకుంటేనే). ఒకటే గది. ఒక మంచం మామూలుగా ఉంటుంది, రెండోది గోడలోంచి కిందికి వాలుతుంది, పగలు అదే చోట బల్ల. చిన్న ఫ్రిజ్ ఉంది, మైక్రోవేవ్ లేదు. అమ్మ వచ్చిన రోజు గది మొత్తం ఒకసారి చూసి "ఇంతేనా?" అని, తర్వాత గోడలోంచి మంచం దిగుతుంటే చూసి కాస్త మెత్తబడింది.

ఇంతకుముందు వచ్చినప్పుడు బయట ఒక హోటల్లో దిగాం. అప్పుడు అమ్మ లేదు, మేం ముగ్గురమే. హోటల్ వాళ్ళ షటిల్ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. మధ్యలో ఏం జరిగినా పార్కులోనే. పాపకి ఒంటిగంటకి నిద్ర ముంచుకొచ్చి, ఎక్కడా పడుకోబెట్టే చోటు లేక, ఒక గోడ నీడలో నేలమీద కూర్చుని ఒళ్ళో వేసుకుని టోపీతో విసిరిన మధ్యాహ్నం నాకు బాగా గుర్తు. పోనీ సొంత కారు ఉంటే సుఖమా అంటే అదీ లేదు. పార్కింగ్‌కి రోజుకింత అని కట్టాలి, దిగాక నడక. మ్యాజిక్ కింగ్‌డమ్ అనే పార్కుకైతే కారు పెట్టే చోటికీ పార్కు గేటుకీ మధ్య ఒక చెరువు ఉంది, మోనోరైలు గానీ పడవ గానీ ఎక్కి దాటాలి. వెళ్ళడానికి అంత, రావడానికి అంత. కాబట్టి ఒకసారి లోపలికి వెళ్ళినవాళ్ళు ఎవరూ మధ్యలో బయటికి రారు, ఎంత అలిసిపోయినా, పిల్లలు ఎంత ఏడ్చినా, "ఇంత కట్టాం కదా" అని రాత్రి బాణాసంచా దాకా లాగుతారు. సాయంత్రం నాలుగింటికి పార్కులో పిల్లల ఏడుపులు వినాలి అసలు.

లోపలి హోటల్‌కి ఇంత గిరాకీ ఎందుకని అడిగితే అందరూ చెప్పే జాబితా ఒకటి ఉంటుంది. ఏ పార్కుకైనా రోజూ అరగంట ముందు పంపిస్తారు. పార్కింగ్ ఉచితం. లైట్నింగ్ లేన్ (డబ్బు కట్టి, ముందే వేళ ఖాయం చేసుకుని పొట్టి వరసలో వెళ్ళడం) బుకింగ్ బయటివాళ్ళకి 3 రోజుల ముందు తెరిస్తే మనకి 7 రోజుల ముందే, అదీ ఉన్నన్ని రోజులకీ ఒకేసారి. దిగిన రోజు వాటర్ పార్కు ఊరికే చూడొచ్చు. ఇవన్నీ నిజమే. మావారు వాటికోసమే ఒప్పుకున్నారు కూడా, బుకింగ్ తెరిచే రోజు పొద్దున ఏడింటికి రెండు ఫోన్లు పట్టుకుని రైల్వే తత్కాల్ రోజులు గుర్తు చేసుకుంటూ కూర్చున్నారు. కానీ నేను డబ్బు పెట్టింది వీటికి కాదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు పార్కు వదిలేసి రావడానికి పెట్టాను.

ఈ రోజు వెళ్ళింది హాలీవుడ్ స్టూడియోస్ అనే పార్కుకి. అరగంట ముందు లోపలికి పోవాలంటే అంతకన్నా ముందే గేటు దగ్గర ఉండాలి కాబట్టి చీకటితోనే లేచాం. పాప్ నుంచి అక్కడికి స్కైలైనర్ ఉంది, 2019లో పెట్టారు, తీగమీద నడిచే గోండోలాలు. కరీబియన్ బీచ్ హోటల్ దగ్గర దిగి ఇంకోటి ఎక్కాలి. గోండోలా స్టేషన్లో పూర్తిగా ఆగదు, నెమ్మదిగా కదులుతూ ఉంటే ఎక్కేయాలి, అమ్మ మోకాళ్ళ సంగతి తలుచుకుని నాకు టెన్షన్. తీరా చూస్తే పక్కన ఇంకో చిన్న దారి ఉంది, వీల్‌చైర్ల వాళ్ళకీ కదులుతుంటే ఎక్కలేనివాళ్ళకీ అక్కడ బండిని పూర్తిగా ఆపి ఎక్కిస్తారు. అమ్మ దర్జాగా ఎక్కి కూర్చుంది. ఏసీ ఉండదు దీంట్లో, గాలి వచ్చేలా సందులుంటాయంతే, కదులుతున్నంతసేపూ హాయిగా ఉంటుంది.

స్లింకీ డాగ్ రైడ్‌కి మావారూ పాపా పరిగెత్తారు, అక్కడ జనం పోగయ్యేలోపే ఎక్కి దిగి వచ్చేశారు. తర్వాత టాయ్ స్టోరీ మేనియాకి అందరం వెళ్ళాం. కళ్ళజోడు పెట్టుకుని, ముందున్న తాడు లాగుతూ తెరమీద గురి చూసి కొట్టడమే, ఎత్తులూ పల్లాలూ ఏమీ లేవు. అమ్మకి తాడు లాగడం ఒక్కటి చెప్పాం, మిగతాది తనే చూసుకుంది. దిగేటప్పటికి అల్లుడికన్నా ఎక్కువ స్కోరు. "మీరు ఒక్కోదాన్నీ చూసి కొడుతున్నారు బాబూ, నేను చూడకుండా లాగుతూనే ఉన్నా" అంది. ఆయన నవ్వారు గానీ ఇంకోసారి వెళ్దామా అని అడిగారు.

పదకొండు దాటేసరికి ఎండ నెత్తికెక్కింది. ఫ్లోరిడా ఎండ అంటే మనకి ఒక లెక్కా అనుకుంటాం గానీ, ఆ ఉక్కలో సిమెంటు నేలమీద వరసల్లో నిలబడటం వేరు. అమ్మ ఏమీ అనలేదు, బెంచీ మీద కూర్చుని చెప్పులు వదిలేసింది. నాకు అది చాలు. "పదండి, గదికి వెళ్దాం" అన్నా. మావారి ముఖం చూడాలి. మధ్యాహ్నానికి రెండు లైట్నింగ్ లేన్‌లు ఉన్నాయట. ఫోన్‌లోనే వేళ సాయంత్రానికి మార్చుకోవచ్చని ఆయనకీ తెలుసు, మార్చారు, మార్చుతూ గొణిగారు.

మేం గేటు దాటి బయటికి వస్తుంటే ఎదురుగా జనం ఇంకా లోపలికి వస్తూనే ఉన్నారు. కొంతసేపట్లో గదిలో ఉన్నాం, అమ్మ అప్పటికే నిద్రపోయింది. ఇంట్లో ఎలా పడుకుంటుందో అలాగే, చేయి తలకింద పెట్టుకుని. మధ్యాహ్నం కునుకు తీయని రోజు నాకు తెలిసి తన జీవితంలో లేదు, అది డిస్నీ అయినా సరే.

పాపని తీసుకుని నేను ఈతకొలనుకి వెళ్ళా. ఈ హోటల్ చూడటానికి కాస్త వింతగా ఉంటుంది, 1950ల నుంచి 1990ల దాకా ఒక్కో దశాబ్దానికి కొన్ని భవనాలు, ఒక్కో చోట ఆ కాలం వస్తువులు నాలుగంతస్తుల ఎత్తున నిలబెట్టారు. బౌలింగ్ పిన్నులు, యోయోలు, రూబిక్స్ క్యూబ్, వాక్‌మన్. కాస్త నాటుగానే ఉంటుంది నిజానికి, నా టేస్టు కాదు. కానీ వాక్‌మన్ దగ్గర మావారు చాలాసేపు నిలబడి పాపకి క్యాసెట్ అంటే ఏంటో, రీలు బయటికి వస్తే పెన్సిల్ పెట్టి ఎలా తిప్పేవాళ్ళమో చెప్పారు. పాప నమ్మలేదు.

రెండున్నరకి ఉరుములు మొదలయ్యాయి. వేసవిలో ఇక్కడ చాలా మధ్యాహ్నాలు ఇంతే. పిడుగుల భయం ఉందంటే ముందు కొలను ఖాళీ చేయిస్తారు, తర్వాత స్కైలైనర్ ఆపేస్తారు. ఇక్కడ గది తలుపు తీస్తే బయట వరండానే, లోపలి కారిడార్లు లేవు, అక్కడ నిలబడి వాన చూశాం. దూరంగా తీగమీద గోండోలాలన్నీ కదలకుండా వేలాడుతున్నాయి. ఈ వేళకి పార్కులో ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు: ప్లాస్టిక్ పోంచోలు, తడిసిన బూట్లు, కప్పు ఉన్న ప్రతి కొట్టులోనూ భుజం భుజం రాసుకుంటూ జనం. మావారు ఆ మాట ఒప్పుకోకుండా "వాన పడితేనే లైన్లు తగ్గుతాయి" అన్నారు. అదీ నిజమే అనుకోండి.

అమ్మ లేచాక కాఫీ తాగుతూ మొన్న బస్సులో అడిగిన ప్రశ్న మళ్ళీ అడిగింది. మ్యాజిక్ కింగ్‌డమ్‌కి వెళ్ళేటప్పుడు ఎంతసేపు వెళ్ళినా చెట్లూ చెరువులే తప్ప ఒక ఇల్లు గానీ హోర్డింగ్ గానీ కనపడదు. "ఈ అడవంతా వీళ్ళదేనా?" అని. వీళ్ళదే, దాదాపు 27 వేల ఎకరాలు కొన్నారు. దాని వెనక ఒక కథ ఉంది, అది చెప్పే అవకాశం వస్తే మావారు వదలరు. కాలిఫోర్నియాలో 1955లో డిస్నీల్యాండ్ కట్టినప్పుడు వాల్ట్ డిస్నీ దగ్గర హోటల్ కట్టే డబ్బు మిగల్లేదు, జాక్ రేథర్ అనే ఆయన చేత పక్కన డిస్నీల్యాండ్ హోటల్ కట్టించుకున్నాడు, దాన్ని డిస్నీ కంపెనీ కొనుక్కున్నది 1988లో. పార్కు చుట్టూ ఉన్న భూమిలో మోటళ్ళూ కొట్లూ పుట్టగొడుగుల్లా లేచాయి, వచ్చే జనం వాళ్ళ వల్ల, లాభం ఇంకొకరికి. అది మనసులో పెట్టుకునే ఫ్లోరిడాలో వేరే వేరే కంపెనీల పేర్ల మీద గుట్టుగా భూములు కొనిపించాడు, కొంటున్నది డిస్నీ అని తెలిస్తే రేటు ఆకాశానికి పోతుందని. 1966లో ఆయన పోయాడు, 1971 అక్టోబరు 1న పార్కు తెరిచారు, ఈసారి మాత్రం కాంటెంపరరీ, పాలినేషియన్ అని రెండు హోటళ్ళు పార్కుతోపాటే మొదలయ్యాయి.

అమ్మ అంతా విని, "అంటే మనం గదిలో పడుకున్నా డబ్బు వాళ్ళకే" అంది. అంతే మరి! నేను సుఖం అనుకుంటున్నది వాళ్ళకి వ్యాపారం, అందులో దాచిందేం లేదు. పార్కు వదిలి వచ్చినా వాళ్ళ గేటు దాటి పోలేదు, కాఫీ వాళ్ళదే, మంచం వాళ్ళదే, కొలను పక్కన పాప కొనిపించుకున్న ఐస్‌క్రీమ్ కూడా వాళ్ళదే.

ఓర్లాండోలోనే పార్కులున్న ఇంకో కంపెనీ యూనివర్సల్, వాళ్ళ లెక్క ఇంకో రకం. అక్కడ పోర్టొఫినో బే, హార్డ్ రాక్, రాయల్ పసిఫిక్ హోటళ్ళలో దిగితే పొట్టి వరసలో వెళ్ళనిచ్చే ఎక్స్‌ప్రెస్ పాస్ గదితోపాటే వస్తుంది, బయట కొంటే ఎంతయ్యేదో చూసి గది అద్దెలోంచి తీసేస్తే లాభమో నష్టమో తేలిపోతుంది. మావారికి అలాంటివి ఇష్టం. ఇక్కడ వేల్యూ హోటల్లో దిగితే అలా కాగితం మీద తేలే లాభం తక్కువే, రాత్రి పార్కు మూశాక ఉండనిచ్చే అదనపు గంటలు కూడా ఖరీదైన డీలక్స్ హోటళ్ళ వాళ్ళకే. పొద్దున్నుంచి రాత్రి దాకా పార్కులోనే ఉండేవాళ్ళకీ, ఐదారుగురు ఉన్న కుటుంబాలకీ బయట హోటలే మంచిదని నేనే చెప్తాను. గదికి తిరిగొచ్చే ఉద్దేశం లేనప్పుడు గది పార్కుకి దగ్గరుంటే ఏంటి, దూరముంటే ఏంటి?

ఐదింటికి వాన వెలిసింది, స్కైలైనర్ కదిలింది. మావారు వెంటనే ఫోన్ తీసి, ఇప్పుడు బయల్దేరితే బుకింగులు రెండూ అందుతాయన్నారు. అమ్మ "మీరు వెళ్ళి రండి బాబూ, నేను ఇక్కడే తిరుగుతా" అంది. పాప కూడా రానంది, దానికి మళ్ళీ కొలను తెరిచారా లేదా అన్నదే ధ్యాస. "పోనీ మీరొక్కరూ వెళ్ళండి, దగ్గరే కదా" అన్నా నేను, నిజంగానే అన్నా, వెటకారం కాదు. కాసేపు ఆలోచించి ఆయనా వెళ్ళలేదు. ఒంటరిగా మనిషి రోలర్‌కోస్టర్ ఎక్కితే బాగుండదట.

నలుగురం హోటల్ వెనక చెరువు చుట్టూ నడిచాం. అవర్‌గ్లాస్ లేక్ అంటారు, మధ్యలో వంతెన, అవతల ఆర్ట్ ఆఫ్ యానిమేషన్ అని ఇంకో హోటల్. నిజానికి అవతల కూడా పాప్ సెంచురీయే రావాలి, 1900 నుంచి 1940ల దాకా దశాబ్దాలన్నీ అటు, మిగతావి ఇటు. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత ప్రయాణాలు పడిపోయి, సగం కట్టిన భవనాలు అలాగే ఏళ్ళ తరబడి వదిలేశారు. చివరికి 2012లో వేరే పేరుతో తెరిచారు. వంతెన పేరు మాత్రం జెనరేషన్ గ్యాప్ బ్రిడ్జ్ అని పాతదే ఉండిపోయింది. అమ్మ మోకాళ్ళతో వంతెన దాటదనుకున్నా, దాటి అటువైపు కూడా ఒక చుట్టు తిరిగింది. మధ్యాహ్నం పడుకోకపోతే ఈ నడక ఉండేది కాదు.

రాత్రి పడుకునే ముందు కొత్త గొడవ మొదలైంది. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ అని డిస్నీ వాళ్ళదే ఇంకో హోటల్లో బాల్కనీ కిందే జిరాఫీలు తిరుగుతాయని అమ్మకి ఎవరో చెప్పారు, ఒక్క రాత్రి అక్కడ ఉండలేమా అంది. మావారు ధర చూసి ఫోన్ బోర్లించి పెట్టేశారు. అక్కడ దిగకపోయినా లాబీలోకి వెళ్ళొచ్చు, వెనకాల అందరూ నిలబడి జంతువుల్ని చూసే చోటు ఉంది, దానికి టికెట్ కూడా అక్కర్లేదు, అని నేను చెప్పాక కాస్త తేలికపడ్డారు. ఎల్లుండి సాయంత్రం వెళ్దామని ఖాయం చేశాం. ఇక్కణ్నించి నేరుగా బస్సు లేదు, ఏదో ఒక పార్కు దగ్గర దిగి మారాలి. అలాగైతే ఆ రోజు కూడా మధ్యాహ్నం పడుకునే వెళ్దామంది అమ్మ.