దేవమాలి కొండకని వెళ్తే కుండ దగ్గర ఆగిపోయాం

జనవరి చలిలో సాలూరు మీదుగా కోరాపుట్ వైపు వెళ్ళాం, నేనూ మా బావా. సుంకి ఘాట్ ఎక్కుతుంటేనే పొగమంచు కమ్మేసింది, పొట్టంగిలో టీకి ఆగితే గ్లాసు చేతిలోంచి వదలబుద్ధి కాలేదు. దేవమాలి (1672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తు) చూద్దామనే బయల్దేరాం గానీ బావకి కొండ కన్నా కుండే నచ్చింది.

ఆయన ఉండేది టొరంటోలో, బేస్‌మెంట్‌లో సొంతానికి బీరు చేసుకుంటాడు, అక్కడ ఇంట్లో వాడకానికైతే చేసుకోవచ్చు. కొండ కింద ఊళ్ళో ఒక పెద్దావిడ, తెలుగు బాగానే వచ్చు, చోళ్ళ (రాగుల) లాందా పెట్టుకుంది, అంటే పులియబెట్టి చేసే నాటు మత్తు పానీయం. కుండకి గోనె చుట్టి పొయ్యికి మూరెడు దూరంలో ఉంచింది. ఇంకా దగ్గరికి జరపొచ్చు కదమ్మా అని బావ అంటే "జరిపితే ఒకేపు ఉడికిపోద్ది బాబూ, రెండోపు సల్లగుండిపోద్ది" అని అరచెయ్యి ఆనించి చూసి కుండని కాస్త తిప్పింది. బావ థర్మామీటర్ తీస్తే మాత్రం "ఇదెందుకు, సెయ్యి లేదేటి" అంది.

ఇక కోరాపుట్ దాకా బావ నోట అదే మాట. గది చలి కాదురా చూడాల్సింది, లోపలి ద్రవం ఎంతుందో చూడాలి, ఈస్ట్ (బీరుని పులియబెట్టేది) జోరు మీదున్నప్పుడు దానంతట అదే వేడి పుట్టిస్తుంది, గది కన్నా రెండు మూడు డిగ్రీలు పైనే ఉండొచ్చు అంటాడు. ఏల్ అనే రకం బీరు ఈస్ట్‌కి మామూలుగా 18 నుంచి 22 డిగ్రీలు చాలు. ఆయన బకెట్‌కి హీట్ బెల్ట్ (కరెంటుతో వేడెక్కే పట్టీ) చుట్టి థర్మోస్టాట్‌కి (వేడిని చూసి బెల్ట్‌ని వేసి ఆపేది) తగిలిస్తాడు, సెన్సార్‌ని బకెట్ గోడకి టేపుతో అంటించి పైన థర్మాకోల్ ముక్క కప్పుతాడు, గాల్లో వేలాడదీస్తే అది గది చలి చూసుకుని బెల్ట్‌ని ఆపనే ఆపదు, బీరు మరీ వేడెక్కి స్పిరిట్ లాంటి ఘాటొస్తుంది.

అసలు జాగ్రత్త కావాల్సింది చివర్లోనట. జోరు తగ్గాక లోపలి వేడీ తగ్గిపోతుంది, చలి పట్టి ఈస్ట్ అడుక్కి దిగిపోతుంది, తీపి అలాగే మిగిలిపోతుంది, అందుకే ఆఖర్న ఒకట్రెండు డిగ్రీలు పెంచుతాడు. లాగర్ అనే ఇంకో రకం బీరుకి 8 నుంచి 13 డిగ్రీల చలి సరిపోతుంది గానీ దానికీ చివర్లో కాస్త వెచ్చదనం లేకపోతే వెన్న వాసన ఉండిపోతుంది.

నాకనిపించింది వేరే, ఇక్కడ చలి కన్నా తేడాయే పెద్ద తలనొప్పి, మధ్యాహ్నం స్వెట్టర్ విప్పేస్తాం, రాత్రి రగ్గు చాలదు. దానికీ బావ దగ్గర ఉపాయం ఉంది, బకెట్‌ని నీళ్ళ టబ్బులో దించి అక్వేరియం హీటర్ వేస్తే అంత నీళ్ళు అంత తొందరగా చల్లబడవు. ఆవిడ గోనె చేసేదీ కొంతవరకు ఆ పనే.

లాందా రుచి అడుగుతారేమో, చిక్కగా పుల్లగా ఉంది, బీరు అనుకుని తాగితే నచ్చదు, నాకైతే నచ్చింది. వెళ్ళేవాళ్ళు ఆ ఘాట్ తెల్లారగట్ల ఎక్కకండి, మంచు విడిచాకే బయల్దేరండి.