మాదాబా చర్చిలో "అల్లా" అన్న మాట

జోర్డాన్ వెళ్తున్నా అని చెప్పగానే మా చర్చిలో ఒక ఆంటీ నా మెడలో సిలువ చైన్ చూసి "అది తీసి బ్యాగులో పెట్టుకో నాన్నా, అక్కడంతా వాళ్ళే కదా" అంది. భయమేసి తీసేశా కూడా. మాదాబాలో దిగాక చూస్తే ఒక షాపాయన మెడలో నా దానికంటే పెద్ద సిలువ వేలాడుతోంది, మళ్ళీ తీసి వేసుకున్నా.

మాదాబా అమ్మాన్‌కి దగ్గర్లోనే ఉండే ఊరు. అక్కడ సెయింట్ జార్జ్ ఆర్థడాక్స్ చర్చిలో నేల మీద 6వ శతాబ్దంలో రంగురాళ్ళు పేర్చి చేసిన పటం ఉంది, యెరూషలేము, యొర్దాను నది, మృత సముద్రం అన్నీ కనిపిస్తాయి. నదిలో ఒక చేప సముద్రం దాకా పోయి వెనక్కి తిరిగేసింది, ఆ ఉప్పులో బతకదు కదా. ఆ చేపనే చూస్తూ చాలాసేపు నిలబడిపోయా.

కానీ నన్ను కదిలించింది ఆదివారం ఆరాధన. అంతా అరబిక్. "యా రబ్ ఇర్‌హమ్" అని మళ్ళీ మళ్ళీ పాడుతున్నారు, ప్రభువా కనికరించుము అని అర్థం. మధ్యలో ఫాదర్‌గారి నోట "అల్లా" అని వినపడింది, ఉలిక్కిపడ్డా. చిన్నప్పట్నుంచి ఆ మాట మా వీధి మసీదు మైకులోంచే విన్నా, అది వాళ్ళ దేవుడి పేరు అనే అనుకున్నా. అరబిక్‌లో దేవుడు అనడానికి ఉన్న మాటే అది, అరబ్ క్రైస్తవుల బైబిల్లో ఆదికాండము మొదటి వచనంలో భూమ్యాకాశాలని సృజించింది అల్లానే. యేసయ్యని మాత్రం వీళ్ళు యసూ అంటారు, ముస్లింలు ఈసా అంటారు. ఇన్నేళ్ళు ఒక మాటకి దూరంగా జరిగానే అని బాధేసింది.

మోషే వాగ్దాన దేశాన్ని చూసిన నెబో కొండకి తీసుకెళ్ళిన డ్రైవర్ ముస్లిం. మోషే పేరు ఎత్తినప్పుడల్లా "మూసా, అలైహిస్సలామ్" అనేవాడు, ఆయనకి శాంతి కలుగుగాక అని అర్థం, ఈసా పేరు ఎత్తినా అంతే. వాళ్ళమ్మాయి పేరు మర్యమ్ అట. ఖురాన్‌లో పేరుపెట్టి చెప్పిన ఒకే ఒక్క స్త్రీ మన మరియమ్మే, 19వ సూరాకి, అంటే అధ్యాయానికి, ఆమె పేరే. నేను కొండ దిగొచ్చేసరికి కారు పక్కన చాప పరుచుకుని నమాజు చేసుకుంటున్నాడు, ఎవరు చూస్తున్నారో అన్న ధ్యాసే లేదు. ప్రయాణాల్లో నేను ప్రార్థన ఎన్నిసార్లు వదిలేశానో గుర్తొచ్చింది. అలాగని అంతా ఒకటే అని నేను అనను, సిలువ మరణం వాళ్ళు ఒప్పుకోరు, నా విశ్వాసం అంతా దాని మీదే ఉంది. దారిలో ఇద్దరం ఆ మాట కూడా మాట్లాడుకున్నాం, గొంతు పెంచకుండా.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా పిన్ని రియాద్‌లో ఇంటి పనికి వెళ్ళి తొమ్మిదేళ్ళు. సౌదీలో ఒక్క చర్చి కూడా లేదు. కువైట్‌లో ఉండే మా ఊరివాళ్ళు శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజే చర్చికి వెళ్తారు, పిన్నికి ఆ భాగ్యం లేదు, గది తలుపేసుకుని పెదాలతో పాడుకుంటుంది. జోర్డాన్‌ని చూసి మురిసిపోయి ఆమెని మర్చిపోతే అది అన్యాయం.

ఆఖరి రోజు యేసయ్య బాప్తిస్మం తీసుకున్న చోటుకి వెళ్ళా, అల్ మగ్తస్ అంటారు, 2015లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. నది మా ఊరి పంట కాలవంత కూడా లేదు, నీళ్ళు బురదగా, అవతలి ఒడ్డు ఇజ్రాయెల్ చేతిలో ఉంది. నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని, చిన్నప్పుడు సండే స్కూల్లో పిన్ని నేర్పిన పాట గట్టిగా పాడేశా, అక్కడున్న వాళ్ళందరూ తిరిగి చూశారు. అది రికార్డు చేసి వాట్సాప్‌లో పంపా.

రాత్రి పదకొండింటికి పిన్ని దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. మాటలేం లేవు, నా పాటకి రెండో చరణం, గుసగుసగా.