గొల్ల రామవ్వ కథ బాపమ్మ విన్నప్పుడు

2004 డిసెంబర్ 23న పీవీ నరసింహారావు గారు పోయారు. నేనప్పుడు ఇంటర్‌లో ఉన్నాను. టీవీల్లో అంతా ప్రధానమంత్రిగా ఆయన గురించే మాట్లాడారు. మా తెలుగు సార్ మాత్రం క్లాసులో పాఠం పక్కనపెట్టి, ఆయన రాసిన 'గొల్ల రామవ్వ' కథ గురించి చెప్పి, జిరాక్స్ కాగితాలు నా చేతికిచ్చారు. పీవీ కథలు రాశారని అప్పటిదాకా నాకు తెలియదు.

ఆ సాయంత్రం మా బాపమ్మకు, అంటే నాయనమ్మకు, చదివి వినిపించాను. రజాకార్ల కాలంలో ఆమె పన్నెండేళ్ళ పిల్ల. పోలీసులు ఊళ్ళోకి వస్తున్నారంటే ఆడపిల్లల్ని జొన్న చేలల్లో దాచిన సంగతి మాకు చాలాసార్లు చెప్పింది.

కథ 1949లో కాకతీయ పత్రికలో మారుపేరుతో వచ్చింది. ఆ పత్రికను వరంగల్లులో పీవీ, పాములపర్తి సదాశివరావు కలిసి నడిపారు. నిజాం మీద పోరాటంలో చాందా సరిహద్దు క్యాంపులో పనిచేసి వచ్చిన మనిషి కాబట్టి, ఆ రాత్రుల భయం పీవీకి బాగా తెలుసు. పోలీసులు వెతుకుతున్న ఒక యువకుడు ముసలి రామవ్వ గుడిసెలో దూరతాడు. ఆమె అతనికి గొల్లవాడి వేషం వేసి, తన మనుమరాలి మొగుడని పోలీసుల ముందు నిలబడి చెబుతుంది. కథంతా ఒక్క రాత్రి, ఒక్క గుడిసె. ఉపన్యాసం ఎక్కడా లేదు.

చదవడం అయ్యాక బాపమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గా పొల్ల ఏమైంది బిడ్డా? తెల్లారినంక ఊళ్ళె ఎవలన్న ఏమన్న అన్నరా?" అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. యువకుడు బతికాడా లేదా అన్న టెన్షన్‌తోనే నేను చదివాను. ఆ మనుమరాలి మీద నా చూపు పడనే లేదు.

ఆ ప్రశ్న వల్లే పీవీని వెతుక్కుని చదవడం మొదలుపెట్టాను. 'వేయి పడగలు' నవలను హిందీలోకి 'సహస్రఫణ్' పేరుతో తెచ్చింది ఆయనే. 1957 నుంచి 1977 దాకా మంథని ఎమ్మెల్యే. 1971లో ముఖ్యమంత్రి అయ్యారు. భూస్వామి ఇంటి మనిషే అయినా భూసంస్కరణలకు పూనుకున్నారు, భూములున్న పెద్దలందరికీ కంటగింపయ్యారు. తెలంగాణలో ఉద్యోగాలు స్థానికులకేనన్న ముల్కీ నిబంధనలను సమర్థించిన సుప్రీంకోర్టు తీర్పు, ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోరిన జై ఆంధ్ర ఉద్యమం కూడా తోడై 1973 జనవరిలో పదవి పోయింది.

1998లో ఆయన ఇంగ్లీషు నవల 'ది ఇన్‌సైడర్' వచ్చింది. తెలుగులో అది 'లోపలి మనిషి'. అఫ్రోజాబాద్ అనే కల్పిత రాష్ట్రం, ఆనంద్ అనే నాయకుడు. ఢిల్లీ రహస్యాలు ఉంటాయని ఆశపడి తెరిచాను. కానీ కథ ఆనంద్ ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల దగ్గరే ఆగిపోతుంది. మొదట నిరాశపడ్డాను. నవలగా అది 'గొల్ల రామవ్వ' అంత బిగువుగా లేదు కూడా. చర్చలు ఎక్కువ, పేజీలు ఎక్కువ. అయినా భూమి గురించిన భాగాలు వచ్చేసరికి రాత పదునెక్కుతుంది. దేశాన్ని అయిదేళ్ళు ఏలిన మనిషి, డెబ్భై దాటాక కూర్చుని ఆ పాత ఓటమినే అన్ని వందల పేజీల్లో రాసుకున్నారు. ఆ గాయం ఆయనలో ఎప్పుడూ మానలేదని నేను గట్టిగా నమ్ముతున్నాను. దున్నేవాడికి భూమి దక్కాలన్న పట్టుదలకు మొదలు రామవ్వ గుడిసెలోనే ఉందని కూడా.

ఆయన గురించి ఎవరు మాట్లాడినా, ప్రధానిగా ఆర్థిక సంస్కరణలు తెచ్చిన 1991తోనే మొదలుపెడతారు. అది చిన్న విషయమని కాదు. కానీ 1949 నాటి ఆ కథ చదవకుండా ఆయన్ని అంచనా వేస్తుంటే నాకు బాధగా ఉంటుంది.

బాపమ్మ ఇప్పుడు లేదు. 'లోపలి మనిషి' ఆమెకు వినిపించలేదు. గొల్ల రామవ్వను మాత్రం నాతో మూడుసార్లు చదివించుకుంది. మూడుసార్లూ పోలీసులు గుడిసెలోకి వచ్చే చోట నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.