పిరనీస్ నుంచి తెరుయెల్ దాకా: స్పెయిన్ పల్లెదారుల్లో బైక్ మీద

స్పెయిన్‌లో బైక్ టూర్ చేసి వచ్చానంటే మనవాళ్లు ముందు అడిగేది ఒకటే: "రోజుకి ఎన్ని కిలోమీటర్లు కొట్టారు?" హైదరాబాద్‌లో తెల్లవారుజామున బండి తీసి చీకటి పడేసరికి గోవాలో ఉండే అలవాటున్నవాళ్లకి 200 కిలోమీటర్లు లెక్కలోకే రావు. స్పెయిన్, ఫ్రాన్స్ సరిహద్దులో ఉండే పిరనీస్ కొండల్లో మాత్రం ఆ 200 కోసమే పొద్దున తొమ్మిదికి బయల్దేరితే సాయంత్రం ఆరవుతుంది. అన్నీ మలుపులే, మధ్యలో ఒక కనుమ, కనుమ దిగగానే రాతి ఇళ్ల ఊరు, ఆ ఊళ్లో ఆగి ఒక కాఫీ. వెళ్లాలనుకునే ప్రతి ఒక్కరికీ గట్టిగా చెబుతున్నాను, రోజుకి 200 దాటి ప్లాన్ చేసుకోకండి.

మా దారి ఇలా సాగింది. బార్సిలోనాలో బళ్లు అద్దెకి తీసుకుని సీ-17 రోడ్డు మీద ఉత్తరంగా రిపోల్ వెళ్లాం. అక్కడ ఎన్-260 పట్టుకుని పిరనీస్ వెంబడే పడమటికి అయిన్సా దాకా. ఆ తర్వాత దక్షిణానికి తిరిగి అరగాన్ ప్రాంతపు మైదానాలు దాటి తెరుయెల్ కొండలు, అక్కణ్నుంచి మళ్లీ బార్సిలోనా. నాకు తోడు మా పెదనాన్నగారి అబ్బాయి. అన్నయ్య జర్మనీలో ఉంటాడు, అక్కడి నుంచి వచ్చి కలిశాడు. సెప్టెంబరు చివరి రోజులు ఎంచుకున్నాం. జులై, ఆగస్టుల్లో కింద మైదానాల్లో ఎండ మాడ్చేస్తుంది. చలికాలంలో పై కనుమల మీద మంచు పడుతుంది.

ముందు కాగితాల సంగతి చెప్పాలి, టెన్షన్ అంతా అక్కడే కాబట్టి. మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. మన ఆర్టీఏ ఆఫీసే ఇస్తుంది. పాస్‌పోర్టు కాపీ, ఫీజు కట్టిన రసీదు ఇవ్వాలి. ఏడాది చెల్లుతుంది. పుస్తకం చేతికి రాగానే అక్కడే తెరిచి చూసుకోండి. అందులో వాహనాలని ఏ, బీ, సీ అని తరగతులుగా వేస్తారు. మోటార్‌సైకిల్‌ది 'ఏ'. దాని ఎదురుగా ముద్ర ఉండాలి. కారుకి సంబంధించిన 'బీ' మీద మాత్రమే ముద్ర ఉంటే బార్సిలోనాలో బైక్ తాళం చేతికి రాదు. ఒరిజినల్ లైసెన్సు కార్డు కూడా వెంట ఉండాల్సిందే, అది లేకుండా పర్మిట్ ఒక్కటే చెల్లదు.

రెండోది ఇన్సూరెన్స్. స్పెయిన్ వెళ్లడానికి తీసుకునే షెంజెన్ వీసాకి కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులు భరించే పాలసీ అడుగుతారు. అది ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి. చాలా ట్రావెల్ పాలసీల్లో చిన్న అక్షరాల్లో బైక్ ప్రమాదాలకి మినహాయింపు రాసి ఉంటుంది, లేదంటే ఇన్ని సీసీలలోపు బళ్లకే వర్తిస్తుందని ఉంటుంది. అందుకే నేను పాలసీ పత్రం చివరి పేజీదాకా చదివి, నేను నడపబోయే బండి సీసీ చెప్పి, అది కవరవుతుందని మెయిల్‌లో రాయించుకున్నాకే డబ్బు కట్టాను. స్పెయిన్ ప్రయాణానికి ఇది పెద్ద పనిగా అనిపించినా, ఆ మెయిల్ ఫోన్‌లో ఉందన్న ధైర్యంతోనే కొండ మలుపుల్లో మనసు రోడ్డు మీద పెట్టగలిగాను.

హెల్మెట్ ఇంటి నుంచే తీసుకెళ్లేవాళ్లు దాని మీద ఈసీఈ (యూరప్ భద్రతా ప్రమాణం) గుర్తు ఉందేమో చూసుకోవాలి. బండి తీసుకునేటప్పుడు డిపాజిట్ కింద క్రెడిట్ కార్డులో పెద్ద మొత్తమే ఆపి ఉంచుతారు. లివర్లు, రిమ్ములు, సైడ్ బాక్సుల మూలలు అన్నీ వీడియో తీసుకుని బయల్దేరాం.

కుడి వైపు నడపడం గురించి అందరూ భయపెడతారు. బార్సిలోనా ట్రాఫిక్‌లో నిజానికి కష్టం లేదు, ముందు బండి ఎటు పోతే మనమూ అటే. రౌండబౌట్‌లో మాత్రం మన దగ్గరలా కాకుండా అంతా కుడి వైపుకి దూరి గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిరుగుతారు, లోపల తిరుగుతున్నవాళ్లకే మొదటి హక్కు. ఎడమ వైపు చూసి, ఖాళీ దొరికితేనే దూరాలి. అసలు జాగ్రత్త అవసరమయ్యేది ఊరవతల, ఎదురుగా ఒక్క బండీ లేని చోట. పెట్రోలు పోయించుకునో, ఫొటో తీసుకునో మళ్లీ రోడ్డెక్కేటప్పుడు చెయ్యి పాత అలవాటుకొద్దీ ఎడమకి లాగుతుంది. అందుకని ఇంటర్‌కమ్‌లో ఒక నియమం పెట్టుకున్నాం. ఆగిన ప్రతిసారీ బండి కదిలే ముందు ఇద్దరం "కుడి" అని పైకి అనాలి. చివరి రోజుదాకా మానలేదు.

వేగం విషయానికొస్తే, అక్కడ మామూలు రెండు లేన్ల రోడ్డు మీద పరిమితి 90. 2019 నుంచి అలా ఉంది. ఓవర్‌టేక్ చేసేటప్పుడు దాని మీద 20 పెంచుకునే వెసులుబాటు ఉండేది, 2022లో అదీ తీసేశారు. ఊళ్లలో చాలా వీధుల్లో 30. సైకిల్‌వాళ్లని దాటేటప్పుడు కనీసం మీటరున్నర దూరం వదలాలి. పిరనీస్‌లో సైకిల్‌వాళ్లు గుంపులుగా కనిపిస్తారు కాబట్టి ఇది రోజూ పనికొచ్చే నియమం.

ఇక ఎన్-260. మధ్యధరా ఒడ్డున ఫ్రాన్స్ సరిహద్దు దగ్గర మొదలై అరగాన్‌లోని సబిన్యానిగో దాకా పిరనీస్‌ని అంటిపెట్టుకుని పోయే జాతీయ రహదారి ఇది. రీబెస్ ఊరు దాటగానే కొల్యాదా దె తోసెస్ అనే కనుమ ఎక్కడం మొదలవుతుంది, దాదాపు 1,800 మీటర్ల ఎత్తు దాకా. కొండ వాలుని పట్టుకుని ఒక్క మలుపు కూడా వదలకుండా కట్టిన రోడ్డు. రెండో గేరు, మూడో గేరు, మళ్లీ రెండు. తారు బాగుంది కానీ పొద్దున పూట నీడలో ఉన్న మలుపులు తడిగా ఉంటాయి, పగుళ్లు పూడ్చిన తారు పట్టీల మీద టైరు కొంచెం జారినట్టు అనిపిస్తుంది. మెడలో గంటలు కట్టుకున్న ఆవులు మలుపు అవతల తీరిగ్గా నిలబడి ఉంటాయి. ఆ గంటల చప్పుడు వినిపించే వేగంలో వెళ్తే చాలు, ఆవు కనిపించేలోపే బ్రేకు మీద వేలు ఉంటుంది.

పుయిచ్‌సెర్దా పక్కనే యివియా అనే ఊరుంది. చుట్టూ ఫ్రాన్స్, మధ్యలో ఆ ఒక్క ఊరు స్పెయిన్‌ది. 1659 నాటి పిరనీస్ ఒప్పందంలో చుట్టుపక్కల గ్రామాలన్నీ ఫ్రాన్స్‌కి పోతే ఇది మాత్రం ఇటే ఉండిపోయింది. కాసేపు తిరిగి, 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో కనో స్లాలం (ప్రవాహంలో తెడ్డు పడవల) పోటీలు జరిగిన లా సెయు దుర్జెల్‌లో రాత్రి ఆగాం. మర్నాడు పోర్ట్ దెల్ కాంతో కనుమ మీదుగా సోర్ట్ వైపు దిగడం ఈ యాత్ర మొత్తంలో నాకు బాగా నచ్చిన రైడింగ్. తర్వాత వచ్చే వెంతమియో ఇరుకులోయలో ఒక పక్క నిలువు రాతి గోడ, ఇంకో పక్క ఎసెరా నది, మధ్యలో రోడ్డు. ఎదురుగా బస్సు వస్తే మనం ఆగి దారివ్వడమే మంచిది.

అయిన్సా చేరాక నేను రైడింగ్ మాట మర్చిపోయాను. అక్కడికి దక్షిణాన మెదియానో జలాశయం ఉంది. 1969లో మెదియానో అనే ఊరు ఆ నీళ్లలో మునిగింది. చర్చి గోపురం మాత్రం ఇప్పటికీ నీళ్లలోంచి పైకి కనిపిస్తుంది. మా అమ్మమ్మగారిది శ్రీశైలం ముంపులో పోయిన ఊరు. ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు బయటపడే సంగమేశ్వరం గుడి చూడ్డానికి చిన్నప్పుడు నన్ను తీసుకెళ్లేది. అందుకే మెదియానో గట్టు మీద చాలాసేపు ఉండిపోయాను. అన్నయ్య కూడా పద అనలేదు.

అయిన్సాకి వాయవ్యాన, ఆరా నది ఒడ్డున హానోవాస్ ఉంది. దానిది ఇంకా బాధ కలిగించే కథ. డ్యాం కడతామని చెప్పి 1960లలో జనాన్ని ఖాళీ చేయించి, తిరిగి రాకుండా ఇళ్లని డైనమైట్‌తో పేల్చారు. డ్యాం కట్టనే లేదు, చివరికి ఆ ప్రాజెక్టునే వదిలేశారు. ఇప్పుడు ఆ కుటుంబాలవాళ్లు వచ్చి ఇళ్లు మళ్లీ కట్టుకుంటున్నారు. కూలిన గోడల మధ్య అక్కడక్కడ కొత్త పెంకులు, కొత్త తలుపులు. ఎన్-260 మీద వెళ్లేవాళ్లు చాలామంది ఆగకుండా వెళ్లిపోతారు. దయచేసి ఆగండి.

తిండి గురించి రెండు మాటలు. అక్కడ మధ్యాహ్నం భోజనం ఒంటిగంటన్నరకి ముందు దొరకదు, నాలుగు దాటితే వంటిల్లు మూసేస్తారు, రాత్రి భోజనం ఎనిమిదిన్నర తర్వాతే. మన ఆకలిని ఆ గడియారానికి సర్దుకోవాలి. అన్నయ్య శాకాహారి. మాంసం వద్దంటే సలాడ్ తెచ్చారు, అందులో ట్యూనా చేప ఉంది. వాళ్ల లెక్కలో చేప మాంసం కింద రాదు. అందుకని మాంసం, చేప, హామ్ (ఉప్పులో ఊరేసిన పంది మాంసం) మూడూ వద్దని విడివిడిగా చెప్పాలి. బార్సిలోనా ఉండే కాటలోనియా ప్రాంతంలో దొరికే ఎస్కలివాదా మాత్రం మన కాల్చిన వంకాయ పచ్చడికి చుట్టం లాంటిది, వంకాయ, క్యాప్సికం నిప్పుల మీద కాల్చి పైన ఆలివ్ నూనె పోస్తారు. కాల్చిన రొట్టె మీద టమాటా రుద్ది, నూనె, ఉప్పు వేసిచ్చేదాని మీద మా పెద్దమ్మ కట్టించిన కందిపొడి చల్లుకుని ఎన్ని పూటలు గడిపామో.

అరగాన్ మైదానాలు దాటేటప్పుడు పెట్రోలు మీద కన్నుండాలి. చిన్న ఊళ్లలో బంకులు మధ్యాహ్నం మూస్తారు, ఆదివారం కొన్ని అసలు తెరవరు. మనుషులు లేని పంపుల్లో కార్డే గతి, ఒక్కోసారి మన దేశపు కార్డు పనిచేయదు. "ఒరేయ్, సగానికొచ్చిందా?" అని అన్నయ్య ఇంటర్‌కమ్‌లో అడిగేవాడు. సగానికొస్తే తర్వాతి బంకులో నింపేయడమే. నాజిల్ దగ్గర గుండ్రటి గుర్తులో ఈ5 అని ఉంటే పెట్రోలు, చదరపు గుర్తులో బీ7 అని ఉంటే డీజిల్.

తెరుయెల్ జిల్లాలో చదరపు కిలోమీటరుకి ఉండేది దాదాపు 9 మంది. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణకి ఆ సంఖ్య 312. మమ్మల్ని పట్టించుకోండంటూ అక్కడివాళ్లు 1999లో తెరుయెల్ ఎక్సిస్తే అనే ఉద్యమం మొదలుపెట్టారు, 2019లో అది పార్లమెంటులో ఒక సీటు కూడా గెలిచింది. ఆ కొండల్లోనే ఏ-1702 అనే దారి ఉంది. గర్గాయో దగ్గర మొదలై ఎహుల్వే, వియార్లుయెంగో మీదుగా అరవై కిలోమీటర్ల పైచిలుకు. ఈ నిశ్శబ్దాన్నే గొప్పగా చూపిస్తూ దానికి సైలెంట్ రూట్ అని పేరు పెట్టి ప్రచారం చేస్తున్నారు. దారిలో ఓర్గనోస్ దె మొంతోరో అనే సున్నపురాతి కొండలు నిట్టనిలువు స్తంభాల్లా లేచి ఉంటాయి, పైన రాబందులు తిరుగుతుంటాయి. అక్కడ ఇంజిన్ ఆపేసి రోడ్డు పక్కన కూర్చున్నాం, చాలాసేపటిదాకా ఒక్క బండీ రాలేదు.

ఆ రాత్రి ఆగిన ఊళ్లో ఉన్నది ఒక్క బార్. కాఫీ అక్కడే, రొట్టె అక్కడే, గది తాళం అక్కడే. మూల బల్ల దగ్గర నలుగురు ముసలాళ్లు గిన్యోతే అనే పేకాట ఆడుతున్నారు, ముక్కని బల్ల మీద కొట్టే చప్పుడు బయట వీధిలోకి వినిపిస్తోంది. ఒకాయన లేచొచ్చి బళ్లు చూసి, నా చైన్ వేలితో పైకి నొక్కి, తల అడ్డంగా ఊపి, ఇంటికెళ్లి నూనె డబ్బా తెచ్చి తనే వేశాడు. డబ్బులిస్తానంటే చెయ్యి ఊపి మళ్లీ ఆటలో కూర్చున్నాడు. ఇలాంటి ఊళ్లలో మనం ఖర్చుపెట్టే భోజనం డబ్బు, గది డబ్బు ఆ బార్ తెరిచి ఉండటానికి పనికొస్తుందని నా నమ్మకం. అందుకే పెద్ద ఊరికి పోయి చవక హోటల్ వెతుక్కోవద్దని చెబుతాను.

తర్వాత గులాబీ రంగు గోడల అల్బర్రాసిన్, ముదేహర్ (ఇస్లామిక్, క్రైస్తవ శైలులు కలిసిన) గోపురాల తెరుయెల్ పట్టణం చూసుకుని బార్సిలోనా చేరి బళ్లు అప్పగించాం. డిపాజిట్ కొద్దిరోజుల్లో కార్డులోకి తిరిగొచ్చింది. సెలవు తక్కువగా ఉన్నవాళ్లు పిరనీస్, తెరుయెల్ రెండూ కలపకండి. మలుపులు కావాలంటే రిపోల్ నుంచి అయిన్సా దాకా ఎన్-260 ఒక్కటే పెట్టుకోండి. ఖాళీ రోడ్లు కావాలంటే వాలెన్సియాలో బండి తీసుకుని నేరుగా తెరుయెల్‌కి ఎక్కండి, అక్కడి నుంచి దగ్గర.