బియ్యం బస్తా, కావేరి, నా నడుము

గుర్రం మీంచి పడ్డావా అని అడగనివాళ్ళు లేరు. మా బ్రాంచ్ మేనేజర్ అడిగారు, పక్క ఫ్లాట్ ఆవిడ అడిగారు, ఖమ్మం నుంచి మా పెద్దమ్మ ఫోన్ చేసి మరీ "ఈ వయసులో నీకు గుర్రాలెందుకే తల్లీ" అంది. నిజం చెబితే ఒక్కరూ నమ్మలేదు. 2023 ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున, వంటింటి గుమ్మానికి అడ్డంగా ఉన్న 25 కిలోల బియ్యం బస్తాని వంగి పక్కకి లాగాను. నడుములో ఏదో కలుక్కుమంది. అంతే. ఆరేళ్ళలో గుర్రం మీంచి నాలుగుసార్లు పడ్డాను, ఒక్కసారీ మంచం ఎక్కలేదు. మంచం ఎక్కించింది సోనా మసూరి.

ఆ రోజు అమృతాంజనం రాసుకుని, వేడినీళ్ళ బ్యాగు పెట్టుకుని సర్దుకుపోయాను. మూడో రోజుకి నొప్పి నడుమొదిలేసి కిందికి దిగడం మొదలుపెట్టింది. పిర్రలోంచి ఎడమ తొడ వెనకగా, పిక్క పక్కగా, పాదం మీదికి కరెంటు తీగ లాగినట్టు. తుమ్మితే మంట. కుర్చీలోంచి లేస్తే మంట. కమోడ్ మీద కూర్చోవడానికి రెండు నిమిషాలు పట్టేది, లేవడానికి మా ఆయన రావాల్సి వచ్చేది.

మొదట వెళ్ళిన డాక్టర్ నడుముకి బెల్టు, మూడు వారాలు పూర్తి బెడ్ రెస్ట్ రాశారు. బుద్ధిగా పడుకున్నాను. మూడు వారాలకి నొప్పి పావు వంతు తగ్గింది, కాలు మాత్రం సగం అయింది. ఎడమ తొడ చేత్తో పట్టుకుంటే లూజుగా, ఎవరిదో కాలులా ఉండేది. అప్పుడు వేరే డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. ఆయన ఎమ్మారై చూసి, వెన్నెముక కింది భాగంలో ఎల్-4, ఎల్-5 అనే ఎముకల మధ్య డిస్కు బయటికి ఉబ్బి నరాన్ని నొక్కుతోందన్నారు. తర్వాత అడిగిన ప్రశ్నకి నాకు అంత నొప్పిలోనూ నవ్వొచ్చింది.

"జీను తగిలే చోట స్పర్శ తెలుస్తోందా?"

నేను రైడింగ్ చేస్తానని ఆయనకి అప్పటికి తెలీదు. డాక్టర్ల భాషలో దాన్ని సాడిల్ ఎనస్థీషియా అంటారట. గుర్రం మీద కూర్చుంటే జీనుకి ఆనే భాగం ఏదో అక్కడ మొద్దుబారినా, మూత్రం మీద అదుపు తప్పినా ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేయాల్సి ఉంటుంది. నాకు అవేమీ లేవు. "చాలామందికి ఆపరేషన్ లేకుండానే కొన్ని వారాల్లో, కొన్ని నెలల్లో తగ్గిపోతుంది. బయటికొచ్చిన ముక్కని చాలావరకు శరీరమే కరిగించేసుకుంటుంది. మీరు చేయకూడనిది పడుకోవడం" అన్నారు. మూడు వారాలు పడుకుని వచ్చానని చెప్పడానికి సిగ్గేసింది.

ఆ తర్వాత నా రెండు పాదాల బొటనవేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి, పైకి లేపమన్నారు. కుడి వేలు ఆయన వేలిని నెట్టేసింది. ఎడమది లేచి, వణికి, పడిపోయింది. నాకు ఆ క్షణమే భయం పట్టుకుంది. రైడింగ్ స్కూల్లో అడుగుపెట్టిన మొదటి రోజు నుంచి వినే మాట ఒకటే: మడమ కిందికి. మడమ కిందికి దిగాలంటే పాదం ముందుభాగం పైకి లేవాలి. నా పాదం లేవడం లేదు.

గుర్రాల గోల నాకు ఎలా అంటుకుందో కొంచెం చెప్పాలి. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళప్పుడు మొయినాబాద్ వైపు ఒక రైడింగ్ స్కూల్లో చేర్పించాం. నాలుగు నెలల్లో దానికి మోజు తీరిపోయింది. కట్టిన ఫీజు ఇంకో రెండు నెలలుంది కదా, వృథా ఎందుకని నేను ఎక్కాను. అప్పుడు నాకు 38. రేసుల్లోంచి రిటైరైన కావేరి అనే ఎర్ర ఆడగుర్రాన్ని నాకిచ్చారు. దాని ఎత్తు భుజాల దగ్గర 62 అంగుళాలు, నాది 61. మొదటి రోజు దాని పక్కన నిలబడితే అది తల తిప్పి నన్ను పైనుంచి కిందికి చూసి, మళ్ళీ గడ్డిలో పడింది. ఆ నిర్లక్ష్యం నాకు నచ్చింది. అప్పట్నించి వారానికి మూడు పొద్దుటిపూటలు.

మంచం మీద ఉండగానే వినాయక చవితి వచ్చింది. పూజ అయ్యాక గుంజీళ్ళు తియ్యలేక రెండు చెవులు పట్టుకుని నిలబడి ఊరుకున్నాను. "ఆయనకీ పొట్ట బరువే, అర్థం చేసుకుంటాడులే" అంది మా అత్తగారు. ఆ తర్వాత వారంలోనే హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో మన డ్రెస్సేజ్ (గుర్రం చేత నేర్పుగా అడుగులు వేయించే పోటీ) టీమ్‌కి బంగారు పతకం. గుర్రపుస్వారీలో మనకి 1982 తర్వాత, అంటే 41 ఏళ్ళకి వచ్చిన బంగారం. పక్కకి తిరిగి పడుకుని ఫోన్‌లో ఆ క్లిప్పులు ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. మామూలుగా అయితే గుర్రం కాళ్ళు చూస్తాను. ఈసారి నా కళ్ళు ఆ నలుగురి నడుముల మీదే. కింద అంత పెద్ద జంతువు ఎగిరెగిరి పడుతుంటే పైన మనిషి ఊరికే కూర్చున్నట్టు ఉంటాడు. ఊరికే కూర్చోవడం కాదది. ప్రతి అడుగు కుదుపునీ పొట్ట, నడుము, తుంటి మింగేస్తేనే భుజాలు అలా కదలకుండా ఉంటాయి. నా నడుము బాత్రూమ్ దాకా వెళ్ళే కుదుపుని కూడా మింగలేకపోతోంది.

సెప్టెంబరు ఆఖరులో ఫిజియోథెరపీ మొదలైంది. ఆ అమ్మాయికి పాతికేళ్ళుంటాయి. వ్యాయామం ఏమైనా చేసేవారా అని అడిగింది. వారానికి మూడు రోజులు గుర్రపుస్వారీ అని కొంచెం గొప్పగానే చెప్పాను.

"బ్యాంకులో కూర్చుంటారు, కారులో కూర్చుంటారు, గుర్రం మీద కూడా కూర్చునే ఉంటారు. మరి నిలబడేదెప్పుడు మేడమ్?"

ఒళ్ళు మండింది. రైజింగ్ ట్రాట్ (గుర్రం జోరు నడకకి తగ్గట్టు జీనులో లేస్తూ కూర్చుంటూ సాగడం) ఇరవై నిమిషాలు చేసి చూడు తెలుస్తుంది అనబోయాను. ఈలోగా నన్ను పక్కకి తిప్పి, మోకాళ్ళు మడిచి, మోచెయ్యి ఆనించి తుంటి పైకి లేపమంది. సైడ్ ప్లాంక్, అందులోనూ పిల్లలు వేసే రకం. కుడివైపు 31 సెకన్లు. ఎడమవైపు 9. నొప్పి వల్ల అన్నాను. "నొప్పి కాదు మేడమ్, ఇది పాత బాకీ" అంది. ఆరేళ్ళుగా ఆ బాకీ ఎవరు కడుతున్నారో అప్పుడు నాకు తట్టలేదు.

నవంబరులో కారు ప్రయాణం తట్టుకోగలిగాక కావేరిని చూడ్డానికి వెళ్ళాను, బెల్లం ముక్కా క్యారెట్లూ పట్టుకుని. స్కూల్లో గుర్రాల్ని చూసుకునే సైసు తాత మహబూబ్‌నగర్ వైపు మనిషి. ఉలవలు నానబెడుతూ కుశలం అడిగాడు. ఎడమవైపు బలం లేదట అని చెప్పాను, ఏదో మాట వరసకి. ఆయన చెయ్యి ఆపి, లోపలికెళ్ళి నా జీను పట్టుకొచ్చాడు. రెండు రికాబుల (జీనుకి వేలాడే, పాదం పెట్టే ఇనుప కడియాల) తోలుపట్టీలు పక్కపక్కన పట్టి చూపించాడు. ఎడమది దాదాపు ఒక అంగుళం సాగి ఉంది. ఎడమవైపు నుంచే ఎక్కుతాం కాబట్టి ఎవరిదైనా కొంత సాగుతుంది, అందుకే అప్పుడప్పుడు అటుదిటు మారుస్తారు. "మీది నెలకోపారి మారుస్త. మీరెక్కిన దినం జీను ఎడమకు జరుగుతదమ్మా. దించినంక దాని ఈపు మీద చెమట సూస్త, ఒక దిక్కే ఎక్కువుంటది. చెప్తే ఏమనుకుంటరో అని ఊకున్న."

కావేరితో నాకు రెండేళ్ళుగా ఒక తగాదా ఉంది. కుడికి తిరుగుతూ క్యాంటర్ (ట్రాట్ కంటే వేగమైన పరుగు) చేయాలంటే గుర్రం కుడి ముందుకాలు ముందు పడాలి. అందుకు నేను కుడి పిర్ర ఎముక మీద కాస్త బరువుంచి, ఎడమ కాలిని వెనక్కి జరిపి నొక్కాలి. ఎడమకి అయితే చక్కగా ఎత్తుకునేది, కుడికి ఎంత అడిగినా తప్పు కాలే వేసేది. మొండిది, రేసుల బుద్ధి పోలేదు అని తిట్టుకునేదాన్ని. ఒకట్రెండుసార్లు కర్ర కూడా వాడాను. కుడికి వెళ్ళమని నా కాలు చెబుతుంటే నా బరువంతా ఎడమకి కుంగి ఉంది. అది ఏ మాట వినాలి? ఆ రోజు బెల్లం తిన్నాక అది నా జేబులో మూతి పెట్టి ఇంకా వెతికింది. ఎక్కువసేపు ఉండలేక వచ్చేశాను.

అక్కణ్ణించి వ్యాయామం మందులా కాకుండా అప్పు తీర్చినట్టు చేశాను. ఉదయం నడక, ఐదు నిమిషాలతో మొదలుపెట్టి నలభైకి. బర్డ్ డాగ్ అని ఒకటుంది, చేతులూ మోకాళ్ళ మీద ఉండి ఎదురెదురు చెయ్యీ కాలూ చాపడం. వీపు మీద టీ కప్పు పెడితే ఒలకకూడదు అంది ఫిజియో అమ్మాయి. నేను రిమోట్ పెట్టుకున్నాను. వెల్లకిలా పడుకుని తుంటి లేపే బ్రిడ్జ్. ఇక వాల్ సిట్ అని కొత్త పేరుతో చెబితే ఏమిటో అనుకున్నాను, తీరా చూస్తే గోడకుర్చీ! ఏడో తరగతిలో లెక్కల మాస్టారు రోజూ వేయించేవారు. ఆయన లెక్కన నేను ఇప్పటికి ఒలింపిక్స్‌కి వెళ్ళి ఉండాలి. మొదటిసారి 12 సెకన్లు.

ఎడమ పాదానికి వేరే పాఠం. కారిడార్‌లో మడమల మీద నడవడం, అపార్ట్‌మెంట్ మెట్టు అంచున వేళ్ళు ఆనించి, రెయిలింగ్ పట్టుకుని, మడమని మెల్లగా కిందికి దించడం. పాలవాడు, పేపరువాడు, వాచ్‌మన్ అందరూ నన్ను తప్పుకుని ఎక్కేవాళ్ళు. మా అమ్మాయి పెంగ్విన్ అని పేరు పెట్టింది. 65 సెంటీమీటర్ల జిమ్ బాల్ కొన్నాక ఇంట్లో వినోదం ఇంకా పెరిగింది. దాని మీద కూర్చుని, రెండు చేతుల్లో రెండు స్టీలు గ్లాసుల్లో నీళ్ళు పట్టుకుని, సిట్టింగ్ ట్రాట్‌లా (జీనులోంచి లేవకుండా ట్రాట్ చేసినట్టు) ఎగరాలి, నీళ్ళు ఒలకకూడదు. పగ్గాలు పట్టిన చెయ్యి ఒంటి కుదుపుతో ఊగితే ఆ ఊపు గుర్రం నోటికి తగులుతుంది కదా. ఈ ఆట నేనే కనిపెట్టుకున్నాను. "గుర్రం ఖర్చు లేకుండా బాగుంది అమ్మాయ్, ఇదే కానివ్వు" అని మా అత్తగారు.

యూట్యూబ్‌లో రైడర్ల కోసమని తొడలు బిగించే వ్యాయామాలే ఎక్కువ కనిపిస్తాయి. నాకు వాటి మీద నమ్మకం లేదు. తొడలతో బిగించి పట్టుకుంటే మనిషి జీనులోంచి పైకి తేలతాడు, గుర్రం బెదురుతుంది. మా ఉస్తాద్, ఆర్మీలో రిసల్దార్‌గా చేసి రిటైరైన పెద్దమనిషి, మోకాలు వదులు చెయ్యమనే అరుస్తారు. నాకు పనికొచ్చింది బిగింపు కంటే సాగదీతే. కుర్చీలోనూ జీనులోనూ తుంటి మడిచే ఉంటుంది, ముందువైపు కండరం కురచబడిపోయి నడుముని ముందుకి లాగుతుంది. దానికి సూర్యనమస్కారాల్లో నాలుగోది బాగా పనిచేసింది, ఒక కాలు వెనక్కి చాపి కూర్చునేది. దాని పేరు అశ్వ సంచలనాసనం అని నాకు చిన్నప్పట్నించీ తెలుసు. ఎందుకా పేరో అడగాలని తట్టలేదు.

అత్యాశకి పోయి డిసెంబరులో ఒక రోజు నిద్ర లేస్తూనే పన్నెండు సూర్యనమస్కారాలు పూర్తిగా చేశాను. పది రోజులు మళ్ళీ కాల్లో కరెంటు. రాత్రంతా పడుకుంటే డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయట, లేచిన గంటలో ముందుకి వంగడం నాలాంటివాళ్ళకి మంచిది కాదట. ఇది ముందే చెప్పాల్సింది అన్నాను. "చెప్పాను మేడమ్, మీరు కావేరి ఫోటో చూపిస్తున్నారు అప్పుడు" అంది.

2024 ఫిబ్రవరిలో డాక్టర్ మళ్ళీ బొటనవేలు పరీక్ష పెట్టారు. ఎడమది ఈసారి నెట్టింది, కుడిదంత కాదు. నడక వరకు గుర్రం ఎక్కొచ్చన్నారు. కింద నుంచి రికాబు పట్టుకుని ఎగిరి ఎక్కడం మానేసి, పిల్లలు వాడే దిమ్మ మీంచి ఎక్కాను. సైసు తాత కావేరిని పట్టుకుని నడిపించాడు. పదిహేను నిమిషాలు, నాలుగు రౌండ్లు. ఆరేళ్ళ అనుభవం ఉన్న మనిషిని పెళ్ళికొడుకులా ఊరేగిస్తుంటే పక్కన ఎనిమిదేళ్ళ పిల్ల ట్రాట్‌లో దాటిపోయింది. ట్రాట్‌కి ఇంకో ఆరు వారాలు పట్టింది. ఇంట్లో వ్యాయామం మాత్రం ఆపలేదు, ఎక్కే రోజుల్లో కూడా. ముందు పది నిమిషాలు చేశాకే జీను వేయించుకుంటాను.

మే నెల, ఎండకి భయపడి ఐదున్నరకే మొదలుపెట్టేవాళ్ళం. ఉస్తాద్ కుడికి క్యాంటర్ అడగమన్నారు. మొదటిసారి తప్పు కాలు. రెండోసారీ తప్పే. ఆపి, ఊపిరి వదిలి, ఎడమ నడుము కుంగకుండా పొడుగు చేసుకుని, కాలు ఊరికే అలా వెనక్కి పెట్టాను. నొక్కానో లేదో కూడా గుర్తులేదు. కావేరి కుడికి ఎత్తుకుంది. సగం రౌండ్ వెళ్ళి, నేను సంతోషంలో ముందుకి వాలేసరికి ట్రాట్‌లోకి పడిపోయింది. ఉస్తాద్ ఏమీ అనలేదు, అంటే ఆయన లెక్కలో మెచ్చుకోలే.

దిగాక సైసు తాత జీను, కింద ప్యాడు తీశాడు. ఇద్దరం దాని వీపు మీది చెమట మరక వైపు వంగి చూశాం. ఆయన అరచేత్తో అటూ ఇటూ తడిమాడు.

"ఇంకా జర ఎడమకే ఉందమ్మా" అని బ్రష్ నా చేతికిచ్చాడు.