నెలనెలా యాభై డాలర్లు

వాషింగ్టన్ వచ్చిన మనవాళ్లు మామూలుగా వైట్‌హౌస్ ముందు ఫొటో దిగి, స్మిత్సోనియన్ మ్యూజియాల్లో ఒకటో రెండో చూసి, కాళ్లు లాగుతున్నాయంటూ మెట్రో ఎక్కేస్తారు. మేమూ ముందు ఆ పనే చేశాం. తర్వాత ఫిలిప్స్ కలెక్షన్ అనే బొమ్మల మ్యూజియానికి వెళ్దామని నేనంటే, "అది ప్రైవేటుది నాన్నా, టికెట్ కొనాలి" అంది మా అమ్మాయి. "ఇన్ని ఫ్రీగా చూపించే ఊళ్లో డబ్బిచ్చి చూడ్డమేంటో!" అని మా ఆవిడ సణిగింది. సణుగుతూనే బయల్దేరింది.

యాష్‌బర్న్‌లో సిల్వర్ లైన్ ఎక్కి, మెట్రో సెంటర్‌లో రెడ్ లైన్‌కి మారి, డ్యూపాంట్ సర్కిల్‌లో దిగాం. అక్కడి ఎస్కలేటర్ ఎంత పొడుగంటే, సగం దూరం వచ్చాక మా ఆవిడ వెనక్కి చూసి గట్టిగా నా చెయ్యి పట్టుకుంది. క్యూ స్ట్రీట్‌లో కాస్త నడిస్తే 21వ వీధి మూల మీద ఇటుకల మేడ. ఇంకో నాలుగడుగులు వేస్తే మన ఎంబసీ, దానికెదురుగా గాంధీగారి విగ్రహం. ముందు ఆయన్ని చూసి వచ్చి, ఆ తర్వాత లోపలికెళ్లాం.

ఇది 1897లో కట్టిన ఇల్లు. డంకన్ ఫిలిప్స్‌ది పిట్స్‌బర్గ్‌లో ఉక్కు, గాజు వ్యాపారాల మీద సంపాదించిన కుటుంబం. 1917లో తండ్రి పోయాడు, మరుసటేడు ఫ్లూ వచ్చి అన్న పోయాడు. వాళ్లిద్దరి జ్ఞాపకార్థం 1921లో సొంతింట్లోనే గ్యాలరీ తెరిచాడు. భార్య మార్జొరీ స్వయంగా పెయింటర్.

జనమంతా ఫ్రెంచ్ పెయింటర్ రెన్వా గీసిన పడవ షికారు విందు దగ్గరే ఉన్నారు. 1923లో ఫిలిప్స్ దాన్ని 1,25,000 డాలర్లు పోసి కొన్నాడు. మా ఆవిడ అందులో కుక్కపిల్లని ముద్దు చేస్తున్న అమ్మాయిని చూస్తూ నిలబడిపోయింది. నేను వచ్చింది మాత్రం ఆర్థర్ డవ్ అనే అమెరికన్ పెయింటర్ కోసం.

డవ్ బొమ్మ ఒకటుంది, పేరు 'గోయిన్ ఫిషింగ్', 1925 నాటిది. బొమ్మ అనడం కూడా కష్టమే. డెనిమ్ చొక్కా చేతులు గుండీలతో సహా కత్తిరించి, వెదురు బద్దలతో కలిపి చెక్క పలక మీద బిగించాడు. దగ్గరికెళ్లి చూస్తే ఆ గుడ్డ నేత కూడా కనబడుతుంది. చేపలు పట్టేవాడి మొహం లేదు, నీళ్లు లేవు, అయినా మనిషి ఉన్నట్టే ఉంది. ఇలాంటి వాటిని ఆ రోజుల్లో డబ్బిచ్చి కొనేవాళ్లు ఎంతమంది ఉంటారు? డవ్ పత్రికలకి బొమ్మలు వేశాడు, కోళ్లు పెంచాడు, కొన్నేళ్లు పడవలోనే కాపురం పెట్టాడు.

1926 నుంచి ఫిలిప్స్ అతని బొమ్మలు కొంటున్నాడు. 1930లో, ఆర్థిక మాంద్యం మొదలైన రోజుల్లో, నెలకి 50 డాలర్లు పంపడం మొదలుపెట్టాడు. బదులుగా, ఏటా న్యూయార్క్‌లో ఫొటోగ్రాఫర్ స్టీగ్లిట్జ్ నడిపే గ్యాలరీలో పెట్టే డవ్ ప్రదర్శనలోంచి నచ్చింది ముందుగా ఎంచుకునే హక్కు తీసుకున్నాడు. ఇద్దరూ ఎదురుపడింది జీవితంలో ఒక్కసారే. మిగతాదంతా ఉత్తరాల మీదే.

అక్కడే నిలబడి లెక్క వేశాను. రెన్వా బొమ్మ ఒక్కదానికి పెట్టిన డబ్బుతో డవ్‌కి 208 ఏళ్లు ఆ నెలవారీ సొమ్ము ఇవ్వచ్చు! రెన్వా అప్పటికే పోయాడు, ఆ డబ్బు ఆయనకి అందేది కాదు. డవ్‌కి ఆ 50 డాలర్లు బియ్యం, బొగ్గు, రంగులు. మన దగ్గర రాజుగారు అగ్రహారమిచ్చి కావ్యం అంకితం పుచ్చుకునేవాడు, మొదటి పద్యాల్లో వంశం పొగిడించుకునేవాడు. ఫిలిప్స్ ఆ పొగడ్త అడగలేదు. అలాగని ఇది దానమూ కాదు, మంచి బొమ్మలు ముందు తన గోడకే వచ్చేవి. తెలివైన బేరమే. కానీ నెలనెలా ఇంత వస్తుందని నమ్మకం ఉన్నవాడు గీసే తీరు వేరు కదా!

జార్జియా ఒకీఫ్, జాన్ మారిన్ వంటి పెయింటర్ల బొమ్మలూ ఇలాగే వాళ్లు బతికుండగానే కొన్నాడు. రంగుల దిమ్మెలే బొమ్మలుగా వేసే రోత్కోకి ప్రత్యేకంగా ఒక గదే ఇచ్చాడు. 1961లో రోత్కో స్వయంగా వచ్చి, ఆ గదిలో కుర్చీలు తీసేసి ఒక్క బెంచీ వేయమన్నాడట. ఆ బెంచీ మీద మా అమ్మాయి ఫోన్ చూసుకుంటూ కూర్చుంది, నేనేమీ అనలేదు.

నల్లజాతి పెయింటర్ జేకబ్ లారెన్స్ 'మైగ్రేషన్ సిరీస్' దగ్గర మాత్రం ముగ్గురం ఆగాం. దక్షిణాది నల్లజాతివాళ్లు ఉత్తరాదికి వలసపోయిన కథ, 60 చిన్న పలకల్లో. అది పూర్తిచేసేనాటికి లారెన్స్‌కి 23 ఏళ్లు. రంగులు తేడా రాకూడదని ఒక్కో రంగు అన్ని పలకల మీదా వేసుకుంటూ పోయాడు. 1942లో ఫిలిప్స్, న్యూయార్క్‌లోని మోమా (మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్) వాటిని చెరి సగం పంచుకున్నారు. బేసి సంఖ్యలు ఇక్కడ, సరి సంఖ్యలు అక్కడ. మొదటి పలకలో స్టేషన్‌లో జనం షికాగో, న్యూయార్క్, సెయింట్ లూయిస్ బోర్డుల కింద తోసుకుంటున్నారు. "మన గల్ఫ్ వాళ్లు గుర్తొస్తున్నారు" అంది మా ఆవిడ, పాలమూరు పేరెత్తాను నేను.

"మిగతా సగం చూడాలంటే న్యూయార్క్ వెళ్లాలి. డిసెంబర్‌లో సెలవు పెడతాను నాన్నా" అంది మా అమ్మాయి. మా రిటర్న్ టికెట్ నవంబర్‌కే ఉంది.